అత్తగారి వేషం

ఆ నాటక సమాజంలో ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్క అనే పిలిచేవారు. టికెట్లు చింపే ముసలాయన దగ్గర్నుంచి లైట్లు చూసుకునే మనిషి వరకూ అందరికీ ఆమె అక్కే. నిజానికి ఆమెకు తోడబుట్టింది ఒక్క చెల్లెలే. ఆ చెల్లెల్ని మాత్రం అందరూ గుసగుస అనేవారు. తెర పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, ఎవరైనా మాట మరిచిపోతే వాళ్ళకు మాత్రమే వినపడేలా అందించడం ఆ అమ్మాయి పని.

తల్లి పోయేనాటికి గుసగుసకు పాలపళ్ళు కూడా ఊడలేదు. అక్కే జడలు వేసింది, బడికి తోలింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది. సమాజం నడిపే మాస్టారు పెళ్ళి మాట ఎత్తినప్పుడు, "నాతోపాటు ఇదీ వస్తుంది. ఇష్టమైతేనే చేసుకోండి" అని ముందే తేల్చి చెప్పింది. "రానీ. ఇంట్లో మనం మాటలు మరిచిపోతే అందించడానికి ఒకరుండాలిగా" అని మాస్టారు నవ్వాడు. చెల్లెలు పెద్దదయ్యాక ఆ నవ్వులాటే ఉద్యోగమైంది.

వాళ్ళకు పేరు తెచ్చిన నాటకం "తీయని గడియ". పేరు చూసి ప్రేమ కథ అనుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. తీరా చూస్తే ఒకే గది, ఒకే తలుపు. చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి పోయిన భర్త, అతని తల్లిని చూసుకుంటూ మిగిలిపోయిన భార్య. చివరి అంకంలో అతను తిరిగొచ్చి తలుపు కొడతాడు. తిట్టిపోస్తుందా, మొహం మీదే తలుపేస్తుందా అని హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఆమె గడియ తీసి, అతన్ని ఎగాదిగా చూసి, "తిన్నారా?" అంటుంది. అంతే. అక్క ఆ మాటను కడుపులోంచి తీసి, చివరి వరస బెంచీల మీదికి విసిరేది. జనం కళ్ళు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టేవారు. ఏళ్ళ తరబడి ఆ చప్పట్లే ఆమెకు తిండీ నిద్రా.

నాటకాన్ని సినిమాగా తీస్తారనీ, దర్శకుడే స్వయంగా చూడటానికి వస్తున్నాడనీ తెలిసిన రోజు అక్క మొహానికి వేసిన రంగు కడిగేసి మళ్ళీ వేసుకుంది. అతను మర్నాడూ వచ్చాడు. "నిన్న ముందునుంచి చూశాను, ఇవాళ పక్కనుంచి చూస్తాను" అని, గుసగుస స్టూలు పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. ఆ తర్వాత ఒక ఉదయం ఇంటికే వచ్చాడు. అక్క ముందుగది అద్దంలా తుడిచి, దిండ్లకు కొత్త గలేబులు తొడిగి, మంచి బట్టలు కట్టుకుని ఎదురుచూస్తోంది.

"మాస్టారూ, భర్త వేషం మీరే వెయ్యాలి" అన్నాడు దర్శకుడు కూర్చుంటూనే.

మాస్టారు భార్యవైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. "మరి రెండోది కూడా చెప్పండి. ఆవిడ టీ పొయ్యడం మానేసి వింటోంది."

"భార్య వేషానికి మీ మరదల్ని ఇవ్వండి."

అక్క చెయ్యి మళ్ళీ టీ పొయ్యడం మొదలుపెట్టింది. కప్పు నిండి సాసరులోకి, సాసరు నిండి బల్ల మీదికి పొంగేదాకా పోస్తూనే ఉంది.

"ఎవర్ని?" అంది.

"మీ చెల్లెల్ని."

అక్క నవ్వింది. "అదా? దానికి యాక్టింగ్ రాదండీ. పదిమంది ముందు నిలబడితే కాళ్ళు వణుకుతాయి దానికి."

"నాకు పదిమంది అక్కర్లేదమ్మా. కెమెరా ఒక్కటే ఉంటుంది." అతను మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు పక్కన కూర్చున్నాను కదా. స్టేజీ మీద మీరు 'తిన్నారా' అనే ముందు, ఈ అమ్మాయి పెదాల మీద ఆ మాట కదిలింది. మీరేం మర్చిపోలేదు, అందించాల్సిన పనే లేదు. ఊరికే తనలో తను అనుకుంది. నేను ఇక అటే చూస్తుండిపోయాను. మిమ్మల్ని చూళ్ళేదు. ఏమీ అనుకోకండి."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ గుసగుస మొహం పాలిపోయింది. "నాకొద్దండీ. అక్క ఉండగా నేనేంటి?"

"అక్కగారికి కూడా మంచి వేషమే ఉంది. అత్తగారు."

"ఎవరికి అత్తగారు?" అంది అక్క.

"మీ చెల్లెలికి. అంటే... మాస్టారికి అమ్మగారన్నమాట."

మాస్టారికి టీ పొలమారింది.

దర్శకుడు వెళ్ళాక చెల్లెలు వచ్చి అక్క పక్కన కూర్చుంది. "నువ్వు వద్దంటే చెయ్యను అక్కా. ఒట్టు."

"నేనెందుకు వద్దంటాను? రేపు అందరూ నన్ను ఆడిపోసుకోవడానికా? చెయ్యి." చెల్లెలు మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టుకుంటే, అక్క బొమ్మలా కూర్చుంది.

సాయంత్రాలు ముందుగదిలో మాస్టారూ గుసగుసా మాటలు వల్లెవేసుకునేవారు. అక్క వంటింట్లో ఉండేది. ఆ మాటలన్నీ ఆమె నాలుక మీద అరిగినవే. వద్దనుకున్నా పెదాలు కదిలేవి. కదుల్తున్నాయని తెలియగానే ఒళ్ళు మండి, ఏ గిన్నె చేతికందితే దాన్ని గట్టు మీద ఎత్తి పడేసేది.

"కాస్త చప్పుడు తగ్గించు" అని మాస్టారు ఒక రోజు లోపలికి తొంగిచూశాడు. మొహం వెలిగిపోతోంది. "నువ్వూ వచ్చి చూడు. దానికి ఎంత సహజంగా వస్తోందనుకున్నావు!"

"ఇన్నేళ్ళూ నాకు అసహజంగా వచ్చిందేమో?"

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. మీ మొహమే చెప్తోంది."

భర్తకూ చెల్లెలికీ మధ్య ఏమీ లేదని అక్కకు తెలుసు. ఆ పిల్ల ముక్కు తుడిచిన మనిషి ఆయన. అయినా ఇద్దరూ ఒకేసారి నవ్వినప్పుడల్లా ఆమె గుండెలో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టుండేది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, ఆ వారమే దర్శకుడికి కబురు పెట్టింది. అత్తగారి వేషం తనే వేస్తానంది.

సినిమా వాళ్ళు ఒక పాత గోదాములో ఆ గదిని కట్టారు. గోడలు నిజమైనవిలాగే ఉన్నాయి గానీ తడితే డొల్ల చప్పుడు చేశాయి. నాటకంలో లేని వీధి, నాటకంలో లేని రైల్వే స్టేషను కూడా కథలోకి వచ్చాయి. "మా నాటకంలో రైలెక్కడిది?" అని అక్క సినిమాకు కథ రాసినాయన్ని పట్టుకుని నిలదీసింది. "మరి ఆయన ఎలా వెళ్ళిపోయాడమ్మా?" అన్నాడు ఆ పెద్దమనిషి. "అది ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదండీ" అంది అక్క.

ఆమెకు తెల్లజుట్టు పెట్టి, బుగ్గల మీద ముడతలు గీశారు. మొదటి రోజే మాస్టారు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని "అమ్మా!" అనాల్సి వచ్చింది. అనగానే లైట్ల వాళ్ళు ఫక్కున నవ్వారు. మాస్టారూ నవ్వాడు. గుసగుస నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆనాటి నుంచి గోదాములో అందరూ ఆమెను "అత్తగారూ, టీ తాగారా?" "అత్తగారూ, కాస్త జరగండి" అనడం మొదలుపెట్టారు. అక్క అన్న పిలుపు కూడా పోయింది.

గుసగుసకు మాత్రం ప్రత్యేకంగా కుర్చీ వచ్చింది. దువ్వడానికి ఒక మనిషి, అద్దం పట్టుకోవడానికి ఇంకొక మనిషి. కెమెరామన్ ఆమె మొహం దగ్గర వేలు తిప్పుతూ, ఇటు తిరగమ్మా, అటు తిరగమ్మా అని మురిసిపోయేవాడు. చిన్నప్పుడు ఆ జుట్టుకు చిక్కు తీసిన చేతులు, ముసలి గోళ్ళు అంటించుకుని ఒళ్ళో ముడుచుకుని ఉండేవి.

తలుపు సీను మొదటి వారంలోనే తీస్తామన్నారు. "చివర్ది ముందు తీస్తారా?" అని అక్క ఆశ్చర్యపోయింది. ఆ గోడ పడగొట్టి వీధి సెట్టు వెయ్యాలట. ముందు రోజు సాయంత్రం ఇంట్లో చెల్లెలు ఆమె దగ్గరికి వచ్చింది.

"అక్కా, భయంగా ఉంది. ఆ మాట ఎలా అనాలో చెప్పవా?"

నిజం అక్కకు తెలుసు. నాలుగు రోజులు కెమెరా పక్కన నిలబడి చూసిన మనిషి. ఆ మైకు చెవి ఎంత పదునో, గొంతు ఎంత తగ్గిస్తే అంత దగ్గరికి వస్తుందో కనిపెట్టేసింది. చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసి, ఇంకొకటి చెప్పింది.

"ఒక్కటే మాట కదా, అందుకే పోతుంది. ఒక అడుగు ముందుకెయ్యి. చెయ్యి తలుపుకి గట్టిగా ఆనించు. ఊపిరి కడుపులోంచి తీసి అను. నాలాగే. దర్శకుడు ఏదో అంటాడు, పట్టించుకోకు."

"నీలాగేనా?"

"జనం ఏడ్చింది నేను చేసినదానికేగా?"

మర్నాడు గుసగుస అలాగే చేసింది. అడుగు ముందుకు వెయ్యగానే వెలుగులోంచి బయటికి పోయింది. చెయ్యి ఆనించగానే డొల్లగోడ ఊగింది. "తిన్నారా?" అన్న కేక గోదాము కప్పు దాకా పోయి తిరిగొచ్చింది.

"అమ్మా, మనిషి ఎదురుగానే ఉన్నాడు. పక్క వీధిలో లేడు" అన్నాడు దర్శకుడు.

మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. ప్రతిసారీ ఆ పిల్ల అక్కవైపు ఒకసారి చూసేది, అక్క తల ఊపేది, ఆ పిల్ల మళ్ళీ అరిచేది. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. కళ్ళకింద రంగు కారిపోయింది. దర్శకుడు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "ఎవరు చెప్పారు నీకు ఇలా చెయ్యమని?"

గుసగుస తల వంచుకుంది.

ఆ రోజుకు ఆపేశారు. అందరూ వెళ్ళిపోతుంటే దర్శకుడు అక్క దగ్గరికి వచ్చాడు. "అత్తగారూ, నేనే పొరపాటు పడ్డానేమో. రేపు పొద్దున ఆ ముసలిజుట్టు తీసేసి రండి. మీతో ఒకసారి తీసి చూస్తాను. ఇప్పటికి తీసింది కొంచెమే, మార్చుకోవచ్చు."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట. కాళ్ళు నేల మీద ఆనలేదు ఆమెకు. ఇంటికి వెళ్ళే దారంతా పక్కన నడుస్తున్న చెల్లెలు ముక్కు చీదుకుంటుంటే, ఆ చప్పుడు వినపడనట్టు నడిచింది. జాలి వేస్తోందేమోనని తనలో వెతుక్కుంది. దొరకలేదు.

పొద్దున్నే ఆమెతో తీశారు. మొదటిసారే సరిపోయింది. లైట్ల వాళ్ళు చప్పట్లు కొట్టారు. కడిగి తెచ్చిన ఫిల్ము చూడటానికి మర్నాడు దర్శకుడు ఆమెనూ మాస్టారునూ చిన్న హాల్లో కూర్చోబెట్టాడు. ముందు గుసగుసతో మొదటి రోజుల్లో తీసిన ముక్క ఒకటి వచ్చింది. పక్కమీది దుప్పటి మడతపెడుతూ భర్త చొక్కా కనపడగానే ఆగిపోయే సీను. మాటల్లేవు. ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు. చొక్కా పట్టుకుని ఊరికే నిలబడింది. అక్క కుర్చీలో ముందుకు వంగింది. ఆ తర్వాత ఆమె తనను తాను చూసుకుంది.

గోడంత మొహం. ఆ మొహంలో కనుబొమలు పరిగెడుతున్నాయి, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, పెదాలు వణకడానికి ముందే వణకబోతున్నట్టు చెప్తున్నాయి. "తిన్నారా?" అంటుంటే ఆకలితో వచ్చిన మనిషిని అడిగినట్టు లేదు, వెనక బెంచీ వాళ్ళను లెక్కపెట్టినట్టుంది. అక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నటన తెలియని మనిషైతే మురిసిపోయి ఉండేది. ఆమెకు తెలుసు. అదే ఆమె ఖర్మ.

దీపాలు వెలిగాయి. "బాగుంది" అన్నాడు మాస్టారు, చెయ్యి ఆమె చేతిమీద వేస్తూ.

"అబద్ధం స్టేజీ మీదైతే నమ్మించగలరు. ఇక్కడ కాదు" అని ఆమె లేచింది.

"కొంచెం తగ్గిస్తే సరిపోతుందమ్మా. ఆ అమ్మాయి బెదిరిపోయింది, ఇక చెయ్యలేదు" అన్నాడు దర్శకుడు.

"చేస్తుంది. ఇవాళ సాయంత్రం వరకూ ఆ గోడ పడగొట్టకండి."

మేకప్ గదిలో గుసగుస ఒక్కతే కూర్చుని తన సామాను సంచీలో సర్దుకుంటోంది. అక్క తలుపు వేసింది.

"ఎక్కడికి బయల్దేరావు?"

"ఇంటికి. నువ్వు చెయ్యి. నీకు కావాల్సింది అదేగా?"

"ఏంటా మాట?"

"నేను చిన్నపిల్లనా అక్కా? కావాలనే తప్పు చెప్పావు. నువ్వు నోరు తెరవగానే తెలిసింది."

"తెలిసి ఎందుకు చేశావే?" అక్క అరిచింది. "నన్ను దెయ్యాన్ని చెయ్యడానికా?"

"నీలా చెయ్యాలని!" గుసగుస కూడా అరిచింది. అంత గట్టిగా ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ ఆమె గొంతు వినలేదు. "ఒక్కసారైనా నీలా చెయ్యాలని. రోజూ తెరపక్కన కూర్చుని ఏం చేశాననుకుంటున్నావు? ఆ చప్పట్లు నా నెత్తిమీంచి నీ దగ్గరికి పోతుంటే, ఒక్కటి నా ఒళ్ళో పడితే బాగుండని ఏడ్చుకున్నాను. నీ మాటలన్నీ నాకు నీకన్నా బాగా వచ్చు. ఎవరన్నా అడిగారా? నువ్వడిగావా? నీకు ఈర్ష్య మొన్న వచ్చింది అక్కా. నాది నాతోపాటే పెరిగింది."

అక్క స్టూలు మీద కూలబడింది. ఇద్దరూ అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు.

"కుళ్ళుబోతుదానా" అంది అక్క.

"నువ్వు కాదూ?"

"నేనూ అంతే. ఒకే కడుపున పుట్టాం కదా. లే, మొహం కడుక్కో."

"నావల్ల కాదు."

"నా కుళ్ళు తీరిందని కాదు చెప్పేది. ఇప్పుడు కూడా నిన్ను చూస్తే కడుపు భగ్గుమంటోంది. కానీ ఇందాక తెర మీద చూశాను. అది నీదే. ఇంకొకరు చేస్తే చెడిపోతుంది. నా నాటకం నా కళ్ళ ముందు చెడిపోతే నేను బతకను. బావ భుజం వెనకాల నేను నిలబడతాను. కెమెరాకి కనపడను. నేను మాట మరిచిపోయానని అనుకో. హాలంతా చూస్తోంది, నా నోరు పెగలడం లేదు. నాకు అందించు."

సాయంత్రం మళ్ళీ లైట్లు వేశారు. మాస్టారు తలుపు కొట్టాడు. గుసగుస గడియ తీసింది. అతన్ని చూసింది. ఆ చూపు అతని భుజం దాటి, చీకట్లో తెల్లజుట్టు పెట్టుకుని నిలబడ్డ అక్క మీదికి వెళ్ళింది. అక్క నిజంగానే మాట మరిచిపోయినదానిలా బేలగా చూసింది. చెల్లెలి పెదాలు విడివడ్డాయి.

"తిన్నారా?"

పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినపడలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కెమెరామన్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు. అక్క వెనక్కి తిరిగి, గోదాము వెనకాల కుళాయి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చింది. చెల్లెలు అంత బాగా చేసినందుకు ఏడ్చింది. సంతోషంతో అని మాస్టారు అనుకున్నాడు. ఆమె ఆయన్ని అలాగే అనుకోనిచ్చింది.

సినిమా ఆడింది. బాగా ఆడింది. గోడల మీదా, బస్సుల వెనకా గుసగుస మొహమే. ఆమెకు ఇంకో సినిమా వచ్చింది, ఆ తర్వాత మరోటి. వేరే ఇల్లు తీసుకుంది. పత్రికల వాళ్ళు అత్తగారి వేషాన్ని కూడా మెచ్చుకుంటూ ఒకటి రెండు వాక్యాలు రాశారు. అక్క ఆ పేజీని అలమారు అరలో అడుగున పరిచింది. తెల్లజుట్టు వేషాలకు ఎవరెన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు.

సమాజం మళ్ళీ నాటకం మొదలుపెట్టింది. సినిమా చూసినవాళ్ళు అసలు నాటకం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చేవారు. హాలు నిండేది. కానీ హాలు వాకిట్లో పెట్టిన ప్రకటన బొమ్మ మీద మాస్టారు గుసగుస మొహమే వేయించాడు. "జనం రావాలి కదే" అన్నాడు. అక్క మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఒక ఆదివారం పగటి ఆటకు గుసగుస వచ్చింది. ఎవరికీ చెప్పకుండా టికెట్టు కొనుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని జనం మధ్య కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక అక్కను ముందునుంచి చూడటం అదే మొదలు. రెండో అంకం అయ్యాక ఎవరో గుర్తుపట్టారు. హాలంతా లేచింది. కుర్చీలు జరిగిన చప్పుడు, కేకలు, సంతకాల కోసం తోపులాట. తెర వెనకనుంచి అక్క అంతా వింటూనే ఉంది. తన ఆటలో, తన హాల్లో, చప్పట్లు వేరే చోట మోగుతున్నాయి. మూడో అంకం మొదలుపెట్టడానికి జనం కుదురుకునేదాకా ఆగాల్సి వచ్చింది. అక్క రంగుపెట్టె మూత ధడాలున వేసింది.

ఆ రోజు ఆమె చేసినట్టు ఎప్పుడూ చెయ్యలేదు. తలుపు దగ్గరికి నడిచిన నడకకే హాలు సద్దుమణిగింది. గడియ తీసి భర్తను చూసిన చూపుకు, ఇన్నేళ్ళుగా ఆ చూపును ఎదుర్కొన్న మాస్టారే ఒక అడుగు వెనక్కి వేశాడు. "తిన్నారా?" అన్నప్పుడు గొంతులో కోపం, ఏడుపు, వదల్లేనితనం అన్నీ కలిసి చివరి వరస దాకా వెళ్ళాయి. ఆమె చెల్లెలున్న వైపు మొత్తం మర్చిపోయి జనం లేచి నిలబడ్డారు.

రంగు తుడుచుకుంటుంటే గుసగుస లోపలికి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నేను జన్మలో అలా చెయ్యలేను" అంది. ఆ గొంతులో పాత ఏడుపే ఉంది, అక్కకు అది తేనెలా వినపడింది.

"మరి? ఊరికే వస్తుందనుకున్నావా?"

"నామీద మంటతోనే చేశావు కదూ?"

"నిలువెల్లా."

"అయితే రోజూ వచ్చి కూర్చుంటాను."

అక్క దూది కింద పెట్టి, చెల్లెలి తలమీద జారిపోయిన గుడ్డను దగ్గరికి లాగి సర్దింది.

"రోజూ వద్దు, చచ్చిపోతాను. వారానికొకసారి రా. చాలు."